50 లక్షలకు లోగో కొనాలా, పవర్ కొనాలా? అరకు ఘాట్ లెక్కతో తేల్చుకుందాం

2018 ఆగస్టులో పోకో ఎఫ్1 వచ్చినప్పుడు ఎంత గోల జరిగిందో గుర్తుందా? 20,999 రూపాయలకే స్నాప్‌డ్రాగన్ 845. అదే చిప్ ఉన్న వన్‌ప్లస్ 6 ధర అప్పుడు 34,999. బాడీ ప్లాస్టిక్, డిజైన్ సాదాసీదా, పేరు ఎవరూ వినలేదు. అయినా చాలామంది కొన్నారు. ఎందుకంటే వాళ్లకు కావలసింది లోగో కాదు, లోపలి చిప్.

కార్లలో కూడా ఇదే కథ నడుస్తోంది. 45 నుంచి 55 లక్షల బడ్జెట్ ఉంటే రెండు దార్లు. ఒకటి, బీఎండబ్ల్యూ, బెంజ్, ఆడి లాంటి పెద్ద పేర్లలో చిన్న మోడల్. రెండు, మామూలు బ్రాండ్ చేసిన హై పర్ఫార్మెన్స్ మోడల్. ఆఫీసులో ఈ టాపిక్ మొదలైతే లంచ్ అవర్ సరిపోదు. కానీ అందరూ స్పెక్ షీట్ దగ్గరే ఆగిపోతారు. ఫోన్ విషయంలో బెంచ్‌మార్క్ స్కోర్ ఒక్కటే చూసి కొనొద్దని చెప్పే మనమే, కారు విషయంలో 0-100 టైమ్ చూసి పడిపోతాం.

అందుకే ఈ ఆర్టికల్‌లో స్పెక్ షీట్‌ని ఒక నిజమైన రోడ్డు మీద పెట్టి చదువుదాం. ఆ రోడ్డు మన విశాఖపట్నం - అరకు ఘాట్. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు, మెకానికల్ చదివి ఉండక్కర్లేదు. నాదీ కంప్యూటర్ సైన్సే.

ముందుగా కార్లు ఏమిటో చూద్దాం

పెద్ద పేరు వైపు: 2025 జులైలో వచ్చిన కొత్త బీఎండబ్ల్యూ 2 సిరీస్ గ్రాన్ కూపే. లాంచ్ ధర 46.90 లక్షలు, ఎక్స్ షోరూమ్. 1.5 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోల్, 156 పీఎస్, 230 ఎన్‌ఎం. 0-100 కి 8.6 సెకన్లు.

పర్ఫార్మెన్స్ వైపు:
- స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ (2025 అక్టోబర్, 49.99 లక్షలు): 2.0 లీటర్ల టర్బో పెట్రోల్, 265 పీఎస్, 370 ఎన్‌ఎం, 6.4 సెకన్లు. ఇండియాకు కేటాయించింది 100 కార్లే, అన్నీ అమ్ముడయ్యాయి.
- ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ (2025 మే, సుమారు 53 లక్షలు): దాదాపు అదే ఇంజిన్, 265 పీఎస్, 370 ఎన్‌ఎం, 5.9 సెకన్లు.
- బీవైడీ సీల్ పర్ఫార్మెన్స్ (2024 మార్చి, 53 లక్షలు): ఎలక్ట్రిక్, ఆల్ వీల్ డ్రైవ్, 530 పీఎస్, 670 ఎన్‌ఎం, 3.8 సెకన్లు.
- మహీంద్రా బీఈ 6, 79 కిలోవాట్ అవర్ బ్యాటరీతో (2025 జనవరిలో టాప్ వేరియంట్ 26.90 లక్షలు): 286 పీఎస్, 380 ఎన్‌ఎం, 6.7 సెకన్లు.

చూశారుగా, సగానికి కొంచెం పైగా ధరలో ఉన్న మహీంద్రా కాగితం మీద బీఎండబ్ల్యూ కంటే దాదాపు రెండు సెకన్లు ముందుంది. కారు ప్రపంచానికి ఇది కొత్తేమీ కాదు. 2007లో నిస్సాన్ జీటీ-ఆర్ వచ్చినప్పుడు పోర్షా 911 టర్బోతో పోటీ పడి "గాడ్జిల్లా" అనే పేరు నిలబెట్టుకుంది. 2016 డిసెంబర్‌లో 570 పీఎస్‌తో ఇండియాకి వచ్చినప్పుడు ధర 1.99 కోట్లు. 18 ఏళ్లు తయారై 2025 ఆగస్టులో ఆగిపోయింది. అంటే "ఫ్లాగ్‌షిప్ కిల్లర్" అనే ఐడియా ఫోన్ల కంటే కార్లలోనే ముందు పుట్టింది.

ఇంకో మాట. పెద్ద పేరు ఉంటే పవర్ ఉండదని అనుకోవద్దు. బీఎండబ్ల్యూ ఎం340ఐలో 374 పీఎస్, 4.4 సెకన్లు. కాకపోతే దాని ధర ఈ బడ్జెట్ కంటే ఎన్నో లక్షలు పైన. మన ప్రశ్న ఒకే బడ్జెట్‌లో ఏది తీసుకోవాలన్నదే.

పాఠం 1: ఘాట్ ఎక్కడానికి ఎంత పవర్ కావాలి?

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. శృంగవరపుకోట దాకా దాదాపు మైదానమే. అక్కడి నుంచి అనంతగిరి, గాలికొండ మీదుగా ఎక్కాలి.

ఇప్పుడు లెక్క. కారు, మనుషులు, లగేజీ కలిపి 1,700 కిలోలు అనుకుందాం. రోడ్డు 6 శాతం ఏటవాలు, అంటే 100 మీటర్లు ముందుకెళ్తే 6 మీటర్లు పైకి. కారుని వెనక్కి లాగే బలం 1,700 × 9.8 × 0.06, అంటే సుమారు 1,000 న్యూటన్లు. టైర్ల రాపిడి, గాలి కలిపి ఇంకో 270 వేసుకోండి. గంటకు 50 కి.మీ. వేగంతో ఎక్కాలంటే కావలసిన పవర్ సుమారు 17.6 కిలోవాట్లు. పీఎస్‌లో చెప్పాలంటే 24.

అవును, 24 పీఎస్. మారుతి ఆల్టో కే10లోనే 67 పీఎస్ ఉంది. ఘాట్‌లో ఆల్టోలు, ఫుల్ లోడ్ ఆటోలు హాయిగా ఎక్కుతూ కనిపించడానికి కారణం ఇదే. 265 పీఎస్ కారు అదే వేగంతో ఎక్కుతుంటే దాని బలంలో పదో వంతు కూడా వాడటం లేదు.

మరి మలుపుల్లో? 12 మీటర్ల వ్యాసార్థం ఉన్న హెయిర్‌పిన్ బెండ్ తీసుకోండి. వెనక సీట్లో అమ్మానాన్న ఇబ్బంది పడకుండా తిప్పాలంటే పక్కకి తోసే బలం 0.4 జీ దాటకూడదు. అప్పుడు వేగం 25 కి.మీ. మంచి స్పోర్ట్స్ టైర్లతో 0.9 జీ దాకా తోసినా 37 కి.మీ. మించదు. వాన పడి గ్రిప్ 0.5కి తగ్గితే ఎంత ఖరీదైన కారైనా 28 దగ్గరే పరిమితి. అంటే లక్షలు పోసినా హెయిర్‌పిన్‌లో మిగిలేది గంటకు పది పన్నెండు కిలోమీటర్ల తేడా. అది కూడా ఎదురుగా ఎవరూ రాకపోతేనే.

పాఠం 2: మరి పవర్ ఎక్కడ పనికొస్తుంది?

ఓవర్‌టేక్‌లో. ముందు ఒక లోడ్ లారీ 40 వేగంతో పాకుతోంది. ముందు రోడ్డు స్ట్రెయిట్‌గా, ఖాళీగా కనిపిస్తోంది. 40 నుంచి 70కి వెళ్లి దాటాలి. వీల్స్ దాకా సగటున 60 శాతం పవర్ చేరుతుందనుకుని, ఏటవాలు ఖర్చు తీసేసి రఫ్‌గా లెక్క వేస్తే:
- 265 పీఎస్ కారుకు సుమారు 2.2 సెకన్లు
- 156 పీఎస్ కారుకు సుమారు 4.3 సెకన్లు
- ఆల్టో లాంటి చిన్న కారుకు సుమారు 7 సెకన్లు

మొదటి రెండింటి మధ్య తేడా 2 సెకన్లే కదా అనిపిస్తుంది. ఆ వేగంలో 2 సెకన్లంటే దాదాపు 30 మీటర్లు. అంటే ఎదురు లైన్‌లో 30 మీటర్లు తక్కువ ప్రయాణం. ఘాట్‌లో పర్ఫార్మెన్స్ కారు ఇచ్చే అసలైన లాభం ఇది. 0-100 టైమ్ కంటే మిడ్ రేంజ్ టార్క్ ముఖ్యం అనేది ఇందుకే. ఆక్టావియా ఆర్‌ఎస్ ఇంజిన్ 370 ఎన్‌ఎం టార్క్‌ని 1,600 ఆర్‌పీఎం దగ్గర్నుంచే ఇస్తుంది. ఎలక్ట్రిక్ కారైతే గేర్ మారే గొడవ కూడా లేదు, తొక్కగానే లాగుతుంది.

అయితే మలుపు వెనక ఏముందో కనపడనప్పుడు 530 పీఎస్ ఉన్నా లారీ వెనకే ఉండాలి. పవర్ ఓవర్‌టేక్ టైమ్ తగ్గిస్తుంది, చూపు పెంచదు.

పాఠం 3: ఎత్తులో ఇంజిన్ డీలా పడుతుందా?

900 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టం కంటే సుమారు 10 శాతం తక్కువ. టర్బో లేని ఇంజిన్ అంతే శాతం బలం కోల్పోతుంది. టర్బో ఇంజిన్‌లో కంప్రెసర్ కాస్త ఎక్కువ తిరిగి ఆ లోటు పూడ్చేస్తుంది. ఎలక్ట్రిక్ మోటార్‌కి గాలితో పనే లేదు. మన లిస్టులో అన్నీ టర్బో లేదా ఎలక్ట్రిక్ కాబట్టి ఈ విషయంలో బెంగ లేదు. సెకండ్ హ్యాండ్‌లో పాత టర్బో లేని స్పోర్ట్స్ కార్లు చూసేవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి.

పాఠం 4: అసలు పరీక్ష దిగేటప్పుడే

నా దృష్టిలో ఈ ఆర్టికల్ మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే.

1,700 కిలోల కారు 850 మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 14 మెగాజౌల్స్. ఇది ఎంతో అర్థం కావాలంటే ఇలా చూడండి. అదే కారుని 100 వేగం నుంచి బ్రేక్ వేసి సున్నాకి తెస్తే బ్రేకులు మింగే శక్తి 0.66 మెగాజౌల్. అంటే అరకు నుంచి కిందికి దిగడం అంటే 100 నుంచి 0కి 21 సార్లు ఫుల్ బ్రేక్ వేయడంతో సమానం. ఇందులో సుమారు సగం టైర్ల రాపిడి, గాలి తీసుకుంటాయి. మిగతాది ఇంజిన్ బ్రేకింగ్ అయినా తీసుకోవాలి, లేదా డిస్కులు వేడెక్కి తీసుకోవాలి.

ఫోన్ భాషలో ఇది థర్మల్ థ్రాట్లింగ్. గేమ్ మొదటి ఐదు నిమిషాలు 60 ఎఫ్‌పీఎస్, ఇరవై నిమిషాల తర్వాత 35. కారులో మాత్రం థ్రాట్లింగ్ అయ్యేది బ్రేకులు. ఫ్రేమ్ డ్రాప్ అయితే గేమ్ పోతుంది, ఇక్కడ పోయేది వేరు.

లోపల జరిగేది ఏమిటంటే, బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ కనీస పరిమితి 155 డిగ్రీలు. మరిగితే లైన్‌లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. అందుకే పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు.

2021 ఫిబ్రవరిలో ఇదే ఘాట్‌లో డుముకు దగ్గర ఒక టూరిస్టు బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. ఈ రోడ్డు పొరపాట్లను క్షమించేది కాదు, అది ఏ బండైనా సరే.

ఇక్కడ పర్ఫార్మెన్స్ మోడల్‌కి నిజమైన మార్కులు పడతాయి. వాటికి సాధారణంగా పెద్ద డిస్కులు, మెరుగైన కూలింగ్ ఇస్తారు. ప్యాడిల్ షిఫ్టర్లతో రెండో, మూడో గేర్‌లో పెట్టి ఇంజిన్ బ్రేకింగ్ వాడుకోవచ్చు. చాలామందికి ప్యాడిల్స్ అంటే స్పీడ్ కోసం అనుకుంటారు. ఘాట్‌లో వాటి అసలు ఉపయోగం దిగేటప్పుడే. రూల్ సింపుల్: ఏ గేర్‌లో ఎక్కామో ఆ గేర్‌లోనే దిగాలి. న్యూట్రల్‌లో పెట్టి పెట్రోల్ మిగులుద్దాం అనే ఆలోచన అస్సలు వద్దు.

ఎలక్ట్రిక్ కారుకి ఇంకో అడ్వాంటేజ్ ఉంది. బరువు ఎక్కువ కాబట్టి 2,300 కిలోలు అనుకుంటే దిగేటప్పుడు విడుదలయ్యేది సుమారు 5.3 కిలోవాట్ అవర్లు. టైర్లు, గాలి తీసుకోగా మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం రీజెన్ ద్వారా బ్యాటరీలోకి వెనక్కి వస్తుంది, డిస్కులు చల్లగా ఉంటాయి. ఒక టిప్: అరకులో రాత్రి ఛార్జింగ్ పెడితే 100 శాతం చేయకండి. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ పనిచేయడానికి చోటుండదు, సరిగ్గా అవసరమైన చోట తగ్గిపోతుంది. 80, 85 దగ్గర ఆపేస్తే చాలు.

పాఠం 5: స్పెక్ షీట్ చివర ఉండే చిన్న అంకెలు

గ్రౌండ్ క్లియరెన్స్: బీవైడీ సీల్‌కి 145 మి.మీ. ఆక్టావియా ఆర్‌ఎస్ మామూలు ఆక్టావియా కంటే 15 మి.మీ. కిందికి కూర్చుంటుంది. బీఈ 6కి 207 మి.మీ. మెయిన్ ఘాట్ రోడ్డు వరకు సెడాన్లు వెళ్తాయి. కానీ వ్యూ పాయింట్లకి, జలపాతాలకి, హోమ్‌స్టేలకి వెళ్లే పక్క దారుల్లో, లేదా రాజమహేంద్రవరం నుంచి లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ నేషనల్ హైవేలో పనులు జరిగే చోట్ల ఆ 60 మి.మీ. తేడా అడుగడుగునా తెలుస్తుంది.

టైర్లు: ఆక్టావియా ఆర్‌ఎస్‌కి 19 అంగుళాల వీల్స్, 225/40 టైర్లు. 225లో 40 శాతం అంటే టైర్ గోడ ఎత్తు 90 మి.మీ. మాత్రమే. గుంతలో పడితే దెబ్బ నేరుగా అల్లాయ్‌కి. ఘాట్‌లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. కాబట్టి కారులో స్పేర్ వీల్ ఉందా, పంక్చర్ కిట్ మాత్రమే ఉందా అనేది ముందే అడగండి.

డ్రైవ్: ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ముందు టైర్ల మీద ఒత్తిడి తగ్గి, తడి హెయిర్‌పిన్‌లో గట్టిగా తొక్కితే లోపలి వీల్ ఖాళీగా తిరుగుతుంది. ఆక్టావియా ఆర్‌ఎస్, గోల్ఫ్ జీటీఐలో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్నది దీని కోసమే. ఆల్ వీల్ డ్రైవ్ అయితే ఇంకా మంచిది.

పెట్రోల్: ఇలాంటి టర్బో ఇంజిన్లకి 95 ఆక్టేన్ మేలు. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ చూడండి. కొండ మీది బంకుల్లో అన్ని రకాలూ దొరుకుతాయని నమ్మకం పెట్టుకోకుండా విశాఖలోనే ట్యాంక్ ఫుల్ చేసుకోండి.

పాఠం 6: 50 లక్షల్లో కారు ఎంత, పన్ను ఎంత?

ఆక్టావియా ఆర్‌ఎస్, గోల్ఫ్ జీటీఐ రెండూ పూర్తిగా తయారై విదేశాల నుంచి వచ్చేవి. ఇలాంటి కార్లకి దిగుమతి సుంకం 70 శాతం లేదా అంతకంటే ఎక్కువ. 100 రూపాయల కారు పోర్ట్ దాటేసరికి 170. దాని మీద 40 శాతం జీఎస్‌టీ కలిస్తే 238. వెనక్కి లెక్కేస్తే 50 లక్షల ధరలో అసలు కారు విలువ సుమారు 21 లక్షలే. డీలర్ మార్జిన్ తీస్తే ఇంకా తక్కువ. 2 సిరీస్‌ని చెన్నైలో బిగిస్తారు కాబట్టి సుంకం బాగా తగ్గుతుంది. మహీంద్రా ఇక్కడే తయారవుతుంది, పైగా ఎలక్ట్రిక్‌కి జీఎస్‌టీ 5 శాతమే.

కాబట్టి "స్కోడాకి 50 లక్షలా?" అని నవ్వేవాళ్లకి సమాధానం ఇదే: ఆ డబ్బులో సగానికి పైగా స్కోడాకి వెళ్లదు.

ఇక మన వయసు వాళ్లకి అసలు లెక్క. 40 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, 7 ఏళ్లు అయితే నెలకి ఈఎంఐ సుమారు 64,400. మొత్తం కట్టేది 54 లక్షలు, అందులో వడ్డీయే 14 లక్షలు. ఆ 14 లక్షలకి ఒక మంచి కొత్త హ్యాచ్‌బ్యాక్ వచ్చేస్తుంది. ఇన్సూరెన్స్, లైఫ్ ట్యాక్స్, 19 అంగుళాల టైర్ల ఖర్చు దీనికి అదనం. ఐటీ ఉద్యోగాల పరిస్థితి నేను మీకు చెప్పనక్కర్లేదు. ఈఎంఐ జీతంలో ఐదో వంతు దాటితే, కారు ఎంత బాగున్నా ఆ కారు మీది కాదు, బ్యాంకుది.

ఆ రోడ్డు ఎవరిది?

ఈ ఘాట్ మనకి వీకెండ్ డ్రైవ్. అక్కడ ఉండే ఆదివాసీలకి అదే సంతకి, స్కూలుకి, ఆసుపత్రికి వెళ్లే దారి. సంత రోజున మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు అంచున నడిచేవాళ్లు, మేకలు, పశువులు, స్కూల్ పిల్లలు ప్రతి మలుపులో ఉండొచ్చు. ఇదే అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డే లేక గర్భిణుల్ని డోలీలో మోసుకెళ్లే గూడేలు కూడా ఉన్నాయి. ఉన్న ఆ ఒక్క రోడ్డుని రీల్స్ కోసం రేస్ ట్రాక్ చేయకపోవడం మనం ఇవ్వగలిగిన కనీస మర్యాద. శీతాకాలం పొద్దున్నే మంచు కమ్మినప్పుడు పది మీటర్ల ముందు మనిషి కూడా కనపడడు. అప్పుడు 20 వేగమే స్పోర్ట్ మోడ్.

లోగో గురించి ఈ కొండలే ఒక మంచి పాఠం చెప్తాయి. అరకు కాఫీ పేరు ఒకప్పుడు బయట ఎవరికీ తెలియదు. 2017లో పారిస్‌లో అరకు కాఫీ షాపు తెరిచారు, 2019లో అరకు వ్యాలీ అరబికాకి జీఐ గుర్తింపు వచ్చింది. రైతులు ముందు గింజ బాగు చేశారు, పేరు తర్వాత వచ్చింది. కారు కొనేటప్పుడు కూడా అదే వరసలో చూడండి: ముందు లోపలిది, తర్వాత పేరు.

ఫైనల్‌గా ఎవరికి ఏది?

- పవర్, హ్యాండ్లింగ్ నిజంగా ఎంజాయ్ చేస్తారు, ఏడాదికి రెండు మూడు సార్లే ఘాట్, మిగతా అంతా హైవే: ఆక్టావియా ఆర్‌ఎస్, గోల్ఫ్ జీటీఐ లాంటివి. దొరకడమే కష్టం, దొరికితే మంచి ఎంపిక.
- క్యాబిన్ క్వాలిటీ, నలుగురిలో గుర్తింపు కావాలి: 2 సిరీస్ తీసుకోండి, తప్పేమీ లేదు. 156 పీఎస్ అరకు ఎక్కడానికి అవసరమైన దానికంటే ఆరు రెట్లు ఎక్కువ. గుర్తింపు కూడా ఒక ఫీచరే, దానికి డబ్బు కడుతున్నామని తెలిసి కడితే చాలు.
- కొండ దారులు తరచుగా తిరుగుతారు, బడ్జెట్ కూడా ముఖ్యం: బీఈ 6 లాంటి దేశీ ఎలక్ట్రిక్. క్లియరెన్స్, రీజెన్, టార్క్ మూడూ ఒకేచోట. ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలో మాత్రం బయల్దేరే ముందే ప్లాన్ చేసుకోండి.
- ఇప్పటికే ఒక మంచి టర్బో హ్యాచ్‌బ్యాక్ ఉంది: దానికే కొత్త టైర్లు, రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్, మంచి ప్యాడ్లు వేయించండి. అరకు ఘాట్‌లో తక్కువ ఖర్చుతో వచ్చే పెద్ద అప్‌గ్రేడ్ అదే.

నన్నడిగితే నా ఓటు మూడోదానికి, బడ్జెట్ సరిపోకపోతే నాలుగోదానికి. మీరు ఏది తీసుకున్నా సరే, షోరూమ్‌లో టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు బీచ్ రోడ్డులో ఒక రౌండ్ కొట్టి వచ్చేయకండి. సింహాచలం కొండో, కైలాసగిరి రోడ్డో ఎక్కించి, దిగేటప్పుడు బ్రేక్ పెడల్ ఎలా ఉందో చూడండి. సేల్స్‌మ్యాన్ 0-100 గురించి చెప్తుంటే చెప్పనివ్వండి. మీరు మాత్రం కిందికి దిగాక పెడల్ మొదట్లో ఉన్నంత గట్టిగానే ఉందా లేదా అని కాలితో కనుక్కోండి.